కొలంబోనుంచి వచ్చిన పాట

ఒంగోలునుంచి మార్కాపురం పోయే దారిలో పొదిలి ఉన్నది. అక్కడ నలుగురూ మాట్లాడుకునేది తెలుగు. అయినా అరవై డెబ్భై ఏళ్ళనాటి హిందీ సినిమాపాట వినపడితే, హిందీలో ఒక్క ముక్క రాని తాతగారు కూడా వేళ్ళతో తాళం వేయటం చూడవచ్చు. అర్థం తెలియని పాట మనసులో అన్నేళ్ళు ఎలా నిలిచింది?

ఈ సంగతికి వెనక ఒక పేచీ ఉన్నది. 1952లో బి.వి. కేస్కర్ కేంద్రంలో సమాచార ప్రసార శాఖకు మంత్రి అయ్యాడు. ఆయనకు శాస్త్రీయ సంగీతమంటే చాలా అభిమానం. సినిమాపాటలవల్ల జనం అభిరుచి చెడిపోతుందని తలచి, ఆకాశవాణిలో వాటికి చోటు తగ్గించాడు. సినిమా నిర్మాతలతో తగాదా వచ్చింది. కొంతకాలంపాటు ఆ పాటలు ఆకాశవాణిలో దాదాపు వినపడకుండా పోయాయి.

మరి జనం ఊరుకున్నారా? రేడియో ముల్లును సిలోనువైపు తిప్పారు! అదే 1952లో రేడియో సిలోనులో "బినాకా గీత్‌మాలా" అనే కార్యక్రమం మొదలయింది. అమీన్ సయానీ దాన్ని నడిపేవాడు. బుధవారం రాత్రి అయ్యేసరికి, ఈ వారం ఏ పాట పైమెట్టు ఎక్కిందో వినటానికి దేశమంతటా జనం రేడియోలచుట్టూ మూగేవారు.

కొలంబో మన పొదిలికి దాదాపు తిన్నగా దక్షిణాన, సుమారు 960 కిలోమీటర్ల దూరాన ఉన్నది. భూమి గుండ్రంగా ఉన్నదిగదా, మరి రేడియో తరంగం అంత దూరం ఎలా వచ్చింది? దానికి ఆకాశమే అద్దమయింది. మనకు చాలా ఎత్తున, రెండు మూడు వందల కిలోమీటర్లపైన, సూర్యకాంతివల్ల విద్యుత్కణాలుగా మారిన గాలి పొర ఒకటి ఉన్నది. షార్ట్‌వేవ్ తరంగాలు ఆ పొరను తాకి, వంగి, తిరిగి నేలకు దిగుతాయి. పగటిపూట దానికి కింద మరొక పొర ఏర్పడి తరంగాల బలాన్ని పీల్చేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర మాయమవుతుంది. అందుకనే రాత్రివేళ దూరపు కేంద్రాలు బాగా పలికేవి. పై పొర నిలకడగా ఉండదు గనక పాట ఒకసారి దగ్గిరగా, ఒకసారి దూరంగా, కెరటంలాగా వినపడేది.

పాట పొడుగును నిర్ణయించింది గ్రామఫోను ప్లేటు. పాతకాలపు ప్లేటును లక్కలో మెత్తని రాతిపొడి కలిపి చేసేవారు. మార్కాపురం పలకలు మీకు తెలుసుగదా! అటువంటి పలకరాతి పొడిని కూడా ఇందుకు వాడేవారు. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. అంటే 234 చుట్లలో పాట ముగియాలి! అందుచేత సంగీతదర్శకులు మొదటి క్షణంలోనే చెవిని పట్టేసే పల్లవి కట్టి, దాన్నే మళ్ళీ మళ్ళీ తెచ్చేవారు. ఎక్కం వల్లించినట్టు, పాట దానంతటదే కంఠస్థమయ్యేది.

బాణీకి భాష అడ్డు రాదనటానికి మన ఆదినారాయణరావుగారే సాక్షి. 1957లో తెలుగు "సువర్ణసుందరి"కి ఆయనే సంగీతం కూర్చాడు. అందులోని ఆమని పాటను ఘంటసాల, జిక్కి పాడారు. మరుసటి ఏడు హిందీ చిత్రంలో అదే బాణీని లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అనే నాలుగు రాగాలు ఆ ఒక్క పాటలో ఉన్నాయి. చూశారా? చులకన అనుకున్న సినిమాపాటలోనే మంత్రిగారు మెచ్చే శాస్త్రీయ రాగాలు దాగి ఉన్నాయి! లత అంతకు ముందే, 1955లో, "సంతానం" చిత్రానికి తెలుగులో జోలపాట పాడింది.

చివరకు పేచీ ఏమయింది? 1957 అక్టోబరు 3న ఆకాశవాణి "వివిధభారతి"ని ప్రారంభించి, సినిమాపాటలకు మళ్ళీ తలుపు తెరిచింది. జనం చెవే గెలిచింది.

పిల్లలూ, మీరూ ఒక పరీక్ష చేయండి. మీకు తెలిసిన పాట ఒకదాన్ని మాటలు లేకుండా కూనిరాగం తీసి మీ స్నేహితుడికి వినిపించండి. తరవాత ఇంకొక పాట మాటలను రాగం లేకుండా చదివి వినిపించండి. అతను దేన్ని ముందు గుర్తుపట్టాడో చూడండి. ఆ పైన ఇంట్లో తాతగారినో అమ్మమ్మనో, "మీకు అర్థం తెలియకపోయినా వచ్చిన పాట ఏది?" అని అడగండి. వాళ్ళు ఆ పాట పాడక మానరు!