గాజునూలుతో బండి తొడుగులు

గాజు పగులును, బట్ట చినుగును, జిగురు విరుగును. విడివిడిగా చూచినచో ఈ మూటిలో ఏదియు మోటారు బండికి తొడుగుగా పనికివచ్చునని ఎవరును తలపరు. కాని గాజును సన్నని నారగా తీసి, ఆ నారను చాపగనో బట్టగనో కూర్చి, రెసిన్ అను జిగురులో తడిపి గట్టిపడనిచ్చినచో, ఇనుపరేకు కంటె తేలికయై త్రుప్పు పట్టని దృఢమైన పలక సిద్ధమగును. దీనినే ఫైబర్ గ్లాసు అందురు. పడవలు, నీటి తొట్లు, బస్సుల ముందు భాగములు నేడు దీనితో తయారగుచున్నవి. ఇంటివద్దనే బండి భాగములను చేసికొనగోరు యువకులకు అందుబాటులో నున్న విద్య ఇది.

ఈ విద్యకు మూలసూత్రమొకటి కలదు. బలము నారది, జిగురు దానిని పట్టి నిలుపునది మాత్రమే. ఈ మాట కర్నూలు జిల్లా పడమటి సీమవారికి క్రొత్త కాదు. ఆదోని ప్రత్తి వ్యాపారమునకు పెట్టినది పేరు. చేరువనున్న ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. అచ్చట 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారల సహకార సంఘము పేరెన్నిక గన్నది. పడుగుకు గంజి పెట్టు నేతగాడు చేయునదేమి? విడి పోగులను ఒకటిగా పట్టి, మగ్గముపై ఒరిపిడికి తాళునట్లు చేయుచున్నాడు. గంజి హెచ్చినచో నూలు పెళుసై తెగును. తగ్గినచో నూగు రేగును. నేతకై తీయు గాజునూలుకు సైతము పిండిగంజి, నూనె కలిపిన పూత పెట్టు పద్ధతి కలదు.

ప్రత్తికిని మోటారు బండికిని గల సంబంధము ఊహామాత్రము కాదు. తూర్పు జర్మనీలో 1957 మొదలు 1991 వరకు ట్రాబంట్ అను కారు తయారైనది. ఉక్కురేకు కొరతచే ఆ కారు పై తొడుగును ప్రత్తి వ్యర్థముతో, ఫినాల్ రెసిన్‌తో కలిపి, వేడిమిలో ఒత్తి చేసిరి. అట్టివి సుమారు ముప్పది లక్షల కార్లు రోడ్డెక్కినవి. అమెరికాలో 1930 దశకమున గేమ్స్ స్లేటర్ మున్నగువారు గాజునారను విరివిగా తీయు మార్గము కనిపెట్టిరి. 1953లో షెవ్రొలే వారు కార్వెట్ కారును ఫైబర్ గ్లాసు తొడుగుతో వెలువరించిరి. మొదటి ఏట తయారైనవి 300 మాత్రమే. మన పొరుగున బెంగుళూరులో సిపానీ వారి డాల్ఫిన్ అను చిన్న కారు 1982లో ఇట్టి తొడుగుతోనే వచ్చినది. రేకును ఒత్తుటకు పెద్ద యంత్రములు, ఉక్కు అచ్చులు కావలెను. ఫైబర్ గ్లాసుకు ఒక అచ్చును, ఓర్పుగల రెండు చేతులును చాలును.

ఐనను ప్రారంభించువాడు ఏకముగా బంపరును చేయబూనరాదు. మొదట చదునైన గాజుపలకపై అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పలకను చేసి చూడవలెను. గాజుకు నాలుగైదు పర్యాయములు మైనము పూసి మెరుగుపెట్టవలెను. లేనిచో పని అచ్చును వదలదు. దానిపై జెల్‌కోటు అను చిక్కని రెసిన్‌ను అర మిల్లీమీటరు మందమున పూయవలెను. పైకి కనబడు నునుపు ఇదియే. అది వ్రేలికి జిగటగా తగులుచు, అంటుకొనని స్థితికి వచ్చిన పిమ్మట, మ్యాట్ అను గాజునార చాపను పరచి, కుంచెతో రెసిన్ తడుపుచు, గాలిబుడగలు పోవునట్లు రోలరుతో నొక్కవలెను. చదరపు మీటరుకు 300 లేక 450 గ్రాములు తూగు మ్యాట్ సాధారణముగా వాడుదురు. మ్యాట్ తూకమునకు రెండు, రెండున్నర రెట్ల రెసిన్ చాలును. అంతకు మించి పోసినవాడు పలకను బలపరచుట లేదు, పెళుసు చేయుచున్నాడు.

మ్యాట్‌లో నార ఎల్ల దిక్కులకు పరచుకొని ఉండుటచే బలము అన్నివైపుల సమానము. నేసిన గాజుబట్టకు పడుగు పేకల వెంబడి బలమెక్కువ. ఐమూలగా లాగినచో సాగును. కనుక వంపులవద్ద దానిని ఐమూలగా వేసినచో చక్కగా ఒదుగును. చేయి తిరిగిన పిమ్మట, బండి పాత భాగమునే నమూనాగా గొని అచ్చు తీయవచ్చును. అచ్చు గోడలు కొంచెము వెలికి వాలి ఉండవలెను. నోరు వెడల్పైన గిన్నెనుండి ముద్ద ఊడివచ్చినట్లు మెడ సన్నని చెంబునుండి రాదు గదా!

రెసిన్ గట్టిపడుటకు నూరు గ్రాములకు ఒకటి, రెండు గ్రాముల కేటలిస్టు కలపవలెను. కోబాల్టు వాడవలసి వచ్చినచో దానిని ముందుగా రెసిన్‌లో బాగుగా కలిపి, ఆ పిమ్మటనే కేటలిస్టును కలపవలెను. ఈ రెండును నేరుగా కలిసినచో మంట లేచి ప్రేలుడు సంభవింపవచ్చును. వేడి పది డిగ్రీలు హెచ్చినచో రసాయనచర్య వేగము సుమారు రెట్టింపగుట స్థూలనియమము. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఆదోనిలో మధ్యాహ్నవేళ కలిపిన రెసిన్ కుంచె ఎత్తకమునుపే గడ్డకట్టగలదు. తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకొనుట మేలు.

చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు, ముక్కునకు తగిన మాస్కు లేనిదే పనిలో దిగరాదు. రెసిన్ ఆవిరులు హానికరములు. అవి త్వరగా అంటుకొనును. గాజుధూళి చర్మమును దురదపెట్టును. కేటలిస్టు చుక్క కంటబడినచో చూపునకే ముప్పు. వెంటనే పదిహేను నిమిషములకు తగ్గకుండ నీటితో కడిగి వైద్యునికడ కేగవలెను. బ్రేకు, స్టీరింగు, చాసిస్, పెట్రోలు ట్యాంకుల జోలికి పోరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండి స్వరూపమును ఇచ్చవచ్చినట్లు మార్చుటను అనుమతింపదు. కనుక పాత తొడుగుకు బదులు అట్టిదే చేసికొనుటతో తృప్తిపడవలెను.

పాఠశాలలో రెసిన్ అక్కరలేదు. ఉపాధ్యాయులు గిన్నెను బోర్లించి, నూనె రాచి, పాత నూలుబట్ట ముక్కలను మైదా గంజిలో తడిపి, నాలుగు పొరలుగా అంటించి ఆరనిచ్చినచో చాలును. బట్ట లేక గంజి మాత్రమే పూసినది బీటలు వారును. బట్టతో కూడినది ఆకారము నిలుపుకొనును. సంయుక్త పదార్థములను గూర్చి పుస్తకమున చదువుకొను బాలునికి, ఆ శాస్త్రము తన యింటి మగ్గముకడ ఏనాటినుండియో మెలగుచున్నదని అపుడు తెలియును. ఎమ్మిగనూరు నేతవృద్ధుని ఒకనాడు తరగతికి పిలిచి, పడుగుకు గంజి ఎంత పెట్టవలెనో ఆయన నోట చెప్పించినచో అంతకు మించిన పాఠము లేదు. చేతిపని ఎరిగినవారిని చదువులేనివారని చిన్నచూపు చూచు అలవాటు మన బడులనుండి తొలగినపుడే, మన పిల్లలు బండి తొడుగులనే కాదు, క్రొత్త బండ్లనే చేయగలరు.