ఒక్క ఇఫ్ స్టేట్‌మెంట్ మీద గుండె

గుండె ఉన్నట్టుండి ఆగితే, షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. మునగాల హైవే మీదే ఉన్నా, జనరల్ ఆసుపత్రికి సూర్యాపేట దాకా పోవాలి. ఛాతీలోనే ఉండి షాకిచ్చే ఐసీడీ విలువ అక్కడ తెలుస్తుంది.

ఒకసారి గుండె ఆగి బతికినవాళ్లకి పెడతారు, సరే. మిగతావాళ్లకి? దాదాపు ఒక్క ఇఫ్ స్టేట్‌మెంట్: ఎకోలో గుండె పంపింగ్ 35 శాతం లోపుంటే పెట్టు. కానీ అలా పెట్టించుకున్న చాలామందికి ఏళ్ల తరబడి షాక్ అవసరమే రాదు. హఠాత్తుగా పోయేవాళ్లలో ఎక్కువమందికేమో పంపింగ్ ఆ గీత పైనే ఉంటుంది. అందుకే ఎమ్మారైలో కనిపించే మచ్చ, ఈసీజీ, వయసు అన్నీ కలిపి మోడళ్లు కడుతున్నారు.

వాటి అక్యురసీ 95 శాతం అంటే మాత్రం నేను పడిపోను. వందలో ఐదుగురికే ముప్పుంటే, 'ఎవరికీ ఏం కాదు' అనే మోడల్‌కీ 95 వస్తుంది. ఆ ఐదుగురిలో ఎందరిని పట్టుకుందో చెప్పాలి.