మాటిమాటికీ మూత్రం – రక్తపరీక్ష ఏం చెబుతుంది?

మూత్రం సంగతి నలుగురిలో మాట్లాడాలంటే మనకు సిగ్గు. 2015లో రాజధాని కోసం మా తుళ్లూరు పొలాలు పూలింగుకు ఇచ్చాక కూలిపని దూరమైంది. ఆటోల్లో పొరుగూళ్లకు మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లే అమ్మలు చాటు దొరకదని నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రం ఆగకపోతే అది వయసు వల్లే అనుకుని ఊరుకుంటారు.

మూత్రాశయం ఒక కండర సంచి. నిండేదాకా ఆ కండరం వదులుగా ఉండాలి. కొందరిలో సగం నిండకుండానే బిగుసుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా ఆపుకోలేనంత తొందర పుడుతుంది, రాత్రిళ్లు కూడా లేవాల్సి వస్తుంది. దీన్నే డాక్టర్లు ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటారు.

దీనికీ రక్తానికీ సంబంధమేమిటి? ఒంట్లో ఎక్కడైనా వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉంటే కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్ అనే పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. ల్యాబు కాగితం మీద సి.ఆర్.పి. అని ఉండేది ఇదే. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుగొన్నారు. అమెరికాలోని బోస్టన్ ప్రాంత ప్రజలపై జరిపిన సర్వే ఫలితాలు 2012లో వచ్చాయి. సి.ఆర్.పి. ఎక్కువున్న ఆడవారిలోనూ మగవారిలోనూ ఈ మూత్రాశయ బాధ ఎక్కువగా కనిపించింది.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. పొగ కనిపిస్తే మంట ఉందని తెలుస్తుంది గాని, ఏ ఇంట్లోనో తెలియదు కదా! స్థూలకాయం, షుగరు ఉన్నవారిలో సి.ఆర్.పి. పెరుగుతుంది. మూత్రాశయ బాధ కూడా వారిలో ఎక్కువే. ఏది కారణమో, ఏది ఫలితమో ఆ సర్వే తేల్చలేదు. కాబట్టి ఈ జబ్బు ఉందో లేదో సి.ఆర్.పి. ఒక్కటే చూసి చెప్పలేరు. ముందు చేయించాల్సినవి మూత్రపరీక్ష, షుగరు పరీక్ష. ఇవి తక్కువ ఖర్చుతో అయిపోతాయి. వాటికి ముందే ఖరీదైన రక్తపరీక్షలకు కూలి డబ్బు పోయడం నా దృష్టిలో దండగ.

మూడు రోజులు ఎన్నిసార్లు వెళ్లిందీ, ఏం తాగిందీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపిస్తే చాలా మేలు. చదువురాని అమ్మకు ఆ లెక్క మనమే రాసిపెట్టవచ్చు. టీ, కాఫీ తగ్గించాలి గాని నీళ్లు మానకూడదు. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి సంచిని మరింత రేపుతుంది. డాక్టరు సలహాతో, వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే అభ్యాసం చేస్తే మందుల్లేకుండానే కొందరికి నెమ్మదిస్తుంది. మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరంతో నడుంనొప్పి వచ్చినా మాత్రం లెక్కలు రాస్తూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.