పక్కింటి అప్పు ఎవరు తీర్చాలి?

2009 ఫిబ్రవరి 19న షికాగోలోని వాయిదా వ్యాపారాల మార్కెట్టులో నిలబడి ఒక అమెరికన్ టీవీ వ్యాఖ్యాత చుట్టూ ఉన్న వ్యాపారులను ఒక మాట అడిగాడు. స్తోమతకు మించిన ఇల్లు కొని వాయిదాలు కట్టలేకపోయిన పక్కింటివాడి అప్పును మీ డబ్బుతో తీర్చడం మీకు సమ్మతమేనా? సమ్మతం కాదని వారు కేకలు వేశారు. ఇళ్లు పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్న కుటుంబాల కోసం అధ్యక్షుడు ఒబామా 7,500 కోట్ల డాలర్ల పథకం ప్రకటించింది అంతకు ముందు రోజే.

ప్రశ్న న్యాయమైనదే. ఒకరి బరువును మరొకరి మీద మోపరాదన్న సూత్రం మనకు కొత్త కాదు. కాని ఆ రోజు మార్కెట్టులో మోగింది సగం ప్రశ్నేనని మాకు అనిపిస్తుంది. అప్పు తీసుకున్నవాడి సంగతి సరే, తీర్చలేడని తెలిసి తెలిసీ అప్పిచ్చినవాడి సంగతేమిటి?

అసలు ఆ అప్పులు ఎలా పుట్టాయో చూడండి. 2000 తర్వాత అమెరికాలో ఇళ్ల ధరలు ఏటేటా పెరిగాయి. ఆదాయం రుజువు చేయకపోయినా అప్పు దొరికింది. మొదటి రెండేళ్లు వాయిదా తక్కువ. మూడో ఏడు మొదలు వడ్డీ రేటు మార్కెట్టును బట్టి మారిపోతుంది. అప్పటికి కట్టలేకపోతే? ఇంటి ధర పెరిగి ఉంటుంది కదా, దాని మీద కొత్త అప్పు తీసుకోవచ్చు అన్నారు. అప్పు కుదిర్చిన దళారీకి రుసుము ముట్టింది. అప్పిచ్చిన సంస్థ ఆ పత్రాన్ని వెంటనే మరొకరికి అమ్మేసింది. కొన్నవారు వేల పత్రాలను కలిపి మూటగట్టి ప్రపంచమంతటా అమ్మారు. డబ్బు తిరిగి వస్తుందా రాదా అన్న చింత అప్పిచ్చినవాడికే లేని వ్యాపారం అది. మన పాత బజారులో వడ్డీకి తిప్పే వ్యాపారి కూడా మనిషిని చూడకుండా రూపాయి తీయడు!

2006లో ధరలు శిఖరం చేరి ఆ తర్వాత పడిపోయాయి. వాయిదాలు ఆగిపోయాయి. 2008 సెప్టెంబరు 7న ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ అనే రెండు మహా సంస్థలను ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది. ఇవి ఇతరులు ఇచ్చిన ఇంటి అప్పులను కొని, వాటికి పూచీ పడే సంస్థలు. మొదటిది 1938లో, రెండవది 1970లో పుట్టాయి. లాభం వాటాదారులది. తమ బాండ్లకు ప్రభుత్వ హామీ లేదని పత్రాల మీద రాసే ఉండేది. అయినా కష్టం వస్తే ప్రభుత్వమే ఆదుకుంటుందని మార్కెట్టు మొత్తం నమ్మింది. చివరకు ఆ నమ్మకమే నిజమైంది. వాటాదారులు దాదాపు అంతా నష్టపోయారు. కాని ప్రభుత్వ బాండ్లకన్నా కాస్త ఎక్కువ వడ్డీకి ఆశపడి ఈ సంస్థల బాండ్లు కొన్నవారికి మాత్రం ప్రతి డాలరూ ముట్టింది. ఎక్కువ వడ్డీ ఎందుకు? అపాయానికి ప్రతిఫలమట. అపాయం ఎదురైనప్పుడు దాన్ని మోసింది ఖజానా.

ఆ రెండు సంస్థలలో ఖజానా పోసిన సొమ్ము దాదాపు 19,100 కోట్ల డాలర్లు. ఆ తర్వాతి సంవత్సరాలలో అవి లాభాల్లోకి వచ్చి అంతకన్నా ఎక్కువే ఖజానాకు చెల్లించాయి. కాబట్టి ప్రజలకు నష్టమేమీ లేదని వాదించేవారున్నారు. ఈ వాదన మాకు మింగుడుపడదు. మీ ఇంటి కాగితాలను మీకు చెప్పకుండా తాకట్టు పెట్టినవాడు, పందెం గెలిచి వాటిని తిరిగి తెచ్చిస్తే మంచిపని చేసినట్లా? పైగా ప్రతిసారీ సొమ్ము తిరిగి రాలేదు. 1986 నుంచి 1995 వరకు అమెరికాలో ఇంటి అప్పులిచ్చే పొదుపు సంస్థలు వెయ్యికి పైగా మూతపడ్డాయి. 1999 చివరినాటి లెక్కల ప్రకారం అందులో పన్ను చెల్లించేవారి మీద పడిన భారం సుమారు 12,400 కోట్ల డాలర్లు.

షికాగోలో డెవాన్ అవెన్యూ చుట్టుపక్కల మన హైదరాబాదు కుటుంబాలు చాలా ఉన్నాయి. వడ్డీకి భయపడి ఇల్లు కొనకుండా ఏళ్ల తరబడి అద్దె ఇంట్లోనే కాపురం చేసినవారు ఏ నగరంలోనైనా మనవారిలో కనిపిస్తారు. టాక్సీ నడిపే అన్న, ఆసుపత్రిలో పనిచేసే ఆపా. వడ్డీ లాభం ముట్టనివారి పన్ను సైతం ఆ మూటలోకే వెళ్లింది.

అయితే అప్పు తీర్చలేనివాడిని అతని ఖర్మకు వదిలేయాలా? ఇక్కడ మన ధర్మం చాలా స్పష్టంగా ఉంది. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో వడ్డీని నిషేధించిన చోటే, ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తుడికి వెసులుబాటు కలిగేదాకా గడువివ్వాలని, మాఫీ చేస్తే మరీ మంచిదని ఆదేశం ఉంది. అప్పిచ్చినవాడి హక్కు అసలు వరకే. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు ఒకరు.

ఒకసారి ఒక జనాజా తెచ్చినప్పుడు మరణించినవాడికి అప్పు ఉందని తెలిసి దైవప్రవక్త (సఅసం) తాము నమాజు చేయించక, మీరే చేయండని సహచరులతో అన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్న తర్వాతే నమాజు చేయించారు. తర్వాత ముస్లింలకు విజయాలు, సంపద లభించినప్పుడు, అప్పుతో మరణించిన విశ్వాసి రుణం తామే తీరుస్తామని, వదిలిన ఆస్తి మాత్రం వారసులదని ప్రకటించారు. అంటే అప్పును తేలిగ్గా తీసుకోనివ్వలేదు. లేనివాడి అప్పును సమాజం తీర్చడాన్నీ కాదనలేదు.

లేనివాడి రుణం తీర్చడం ఒకటి, ఉన్నవాడి లాభం కాపాడటం మరొకటి. 2008 అక్టోబరులో ఆర్థిక సంస్థలను ఆదుకోవడానికి అమెరికా కాంగ్రెసు 70,000 కోట్ల డాలర్ల వరకు అనుమతించింది. ఖజానా సొమ్ముతో బతికి బట్టకట్టిన ఏఐజీ అనే బీమా సంస్థ, 2009 మార్చిలో తనను ముంచిన విభాగంలోని ఉద్యోగులకే 16.5 కోట్ల డాలర్ల బోనసులు పంచింది. ఇళ్ల యజమానుల కోసం ప్రకటించిన పథకం మాత్రం వాయిదాలు తగ్గించి 30 నుంచి 40 లక్షల కుటుంబాలను ఆదుకోవాలన్న లక్ష్యాన్ని చేరలేకపోయింది.

రుణగ్రస్తులంతా అమాయకులని మేము అనడం లేదు. ధర పెరిగాక అమ్ముకుందామని రెండో ఇల్లు, మూడో ఇల్లు కొన్నవారు ఉన్నారు. దుబారాకు అప్పు చేసినవాడికి జకాత్ ఇవ్వడంలో మన ఫుఖహాలు షరతులు పెట్టింది ఇందుకే. బ్యాంకులన్నీ ఒకేసారి కూలితే కూలివాడి జీతం కూడా ఆగుతుందన్నదీ నిజమే. అలాంటప్పుడు ఖజానా తలుపు తెరవక తప్పకపోవచ్చు. తెరిచే ముందు లాభం తిన్నవారి సొమ్ము చివరి పైసా వరకు నష్టానికి జమ కావాలి. లాభం ఎవరిదో నష్టం వారిదే అన్న ఫిఖ్హ్ సూత్రానికి అర్థం అదే.

ఈ విషయంలో మన చేతులు కూడా పూర్తిగా శుభ్రంగా లేవు. అమెరికాలో ముస్లింల కోసం నడిచే గృహ పెట్టుబడి సంస్థలు కొన్నింటికి 2001, 2002 నుంచి డబ్బు సమకూర్చింది ఆ ఫ్రెడ్డీ మాక్ సంస్థే. ఆ ఒప్పందాలలో ఒక రకం పొత్తు పద్ధతి: ఇల్లు ఇద్దరిదీ, కాపురమున్నవాడు రెండవవాడి వాటాను నెలనెలా కొనుక్కుంటూ పోతాడు. పేరు ముషారకా. వీటి మీద ఉలమాలలో చర్చ ఉంది, అందులోకి మేము వెళ్లడం లేదు. అక్కడ ఇల్లు కొనబోయే మన పిల్లలు సంతకం పెట్టే ముందు ఆ భాగస్వామిని ఒక్క మాట అడగాలి. ఇంటి ధర సగానికి పడిపోతే మీ వాటా నష్టం మీరు భరిస్తారా, లేక అది కూడా నా మీద, నేను కట్టలేకపోతే ఖజానా మీద వేస్తారా? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోవాలి.