ఇనుము కుదిర్చే సంబంధాలు

పెళ్ళిళ్ళ పేరయ్యను ఎరుగనివారు మనలో ఉండరు. రెండు కుటుంబాలను కలుపుతాడు, తాంబూలం పుచ్చుకుంటాడు, మరో సంబంధం చూడటానికి వెళ్ళిపోతాడు. రసాయన శాస్త్రంలో ఈ పని చేసే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. అది చర్యను వేగిరపరుస్తుంది, చివరకు తాను తానుగానే మిగులుతుంది. ప్లాటినం, పల్లాడియం వంటి ఖరీదైన లోహాలు ఈ పనికి పేరుపడ్డాయి. కాని మనం బతుకుతున్న ఈ ఖతార్‌లో అర్ధశతాబ్దానికి పైగా ఈ పని చేస్తున్నది మామూలు ఇనుము.

దోహాకు దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెసయీద్‌ను పూర్వం ఉమ్ సయీద్ అనేవారు. 1969లో ఏర్పడిన ఖతార్ ఫెర్టిలైజర్ కంపెనీ, అంటే మనమందరం పిలిచే ‘కాఫ్కో’, అక్కడ 1973లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తొలి ప్లాంటు సామర్థ్యం రోజుకు 900 టన్నుల అమోనియా, 1,000 టన్నుల యూరియా. గాలిలోని నత్రజనిని, సహజవాయువు నుంచి తీసిన ఉదజనిని కలిపితే అమోనియా వస్తుంది. చెప్పడం తేలికే. నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో పెనవేసుకొని ఉంటాయి. వాటిని విడదీసేది ఇనుము. అదీ 400 నుంచి 500 డిగ్రీల వేడిమిలో, వంద వాతావరణాలకు మించిన పీడనంలో.

జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ మొదట ఆస్మియం, యురేనియం వాడాడు. ఆస్మియం ప్రపంచమంతా గాలించినా చాలినంత దొరకదు. బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థలో ఆల్విన్ మిట్టాష్ బృందం వేల ప్రయోగాలు చేసింది. స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఇనుప ఖనిజం అద్భుతంగా పనిచేసింది, శుద్ధమైన ఇనుము పనిచేయలేదు. ఖనిజంలోని ‘మలినాల’లోనే గుట్టు ఉన్నదని వారు గ్రహించారు. అల్యూమినా, పొటాష్ కొద్దిగా చేర్చిన ఇనుముతో 1913లో ఓపావ్‌లో తొలి కర్మాగారం నడిచింది. నేటి ఉత్ప్రేరకానికీ మూలం అదే.

ఈ పేరయ్యకు గంధకం పడదు. అందుకే సహజవాయువులోని గంధకాన్ని ముందే తీసేస్తారు. పనిలో ఉన్న ఉత్ప్రేరకాన్ని ఉన్నపళంగా గాలికి చూపిస్తే తనంత తానే మండుతుంది. జాగ్రత్తగా నడిపితే మాత్రం పదేళ్ళకు పైగా పనిచేస్తుంది.

అమోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపితే యూరియా. ఈ రెండో మెట్టులో ఇనుముకు పనిలేదు. 1828లో వోలర్ ప్రయోగశాలలో యూరియాను తయారుచేసినప్పుడే, కర్బన పదార్థాలు ప్రాణుల దేహాల్లోనే పుడతాయన్న నమ్మకం సడలింది. మన రామగుండంలో బొగ్గు ఆధారంగా 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. ఆ ఊళ్ళో ఎన్ని కుటుంబాలు చెదిరిపోయాయో అక్కడివారికి తెలుసు. 2021లో అదే ఊళ్ళో కొత్త కర్మాగారం సహజవాయువుతో మొదలయింది. అక్కడా అమోనియాకు ఆధారం ఇనుమే.

మరి ఉత్తరాన రాస్ లఫాన్ సంగతి? సహజవాయువును డీజిల్‌గా మార్చే ‘ఒరిక్స్’ (2007), ‘పెర్ల్’ (2011) కర్మాగారాలలో ఇనుము లేదు, కోబాల్టు ఉన్నది. ఈ విధానాన్ని 1920లలో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో ఫిషర్, ట్రోప్ష్ కనిపెట్టారు. బొగ్గు నుంచి వచ్చే వాయువులో ఉదజని తక్కువ. ఇనుము నీటి ఆవిరి నుంచి ఆ లోటు భర్తీ చేస్తుంది కనుక దక్షిణాఫ్రికాలో బొగ్గు కర్మాగారాలు ఇనుమునే నమ్ముకున్నాయి. ఇక్కడి సహజవాయువుకు ఆ లోటు లేదు. ఇనుము ఆ పని చేయబోతే కర్బనం వృథా అవుతుంది. సంబంధాన్నిబట్టి పేరయ్య అన్నమాట.

మందుల తయారీలో ఇనుము ప్రవేశం ఇంకా కొత్తది. రెండు కర్బన శకలాలను అతికించే పనికి పల్లాడియానిదే రాజ్యం. 2010 నోబెల్ బహుమతీ దానికే వచ్చింది. ఇనుముతోనూ అతకవచ్చునని 1971లో అమెరికాలో జే కోచి చూపాడు. 2000 తర్వాత మ్యూల్‌హైమ్‌లోనే అలోయిస్ ఫ్యూర్‌స్ట్నర్ ఆ దారిని విశాలం చేశాడు. ఇందులో ధర ఒక్కటే కాదు, ఆరోగ్యమూ ఉన్నది. యూరప్ ఔషధ సంస్థ 2008లో, నోటి ద్వారా తీసుకునే మందులలో పల్లాడియం అవశేషం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదన్నది. ఇనుముకు 13,000 వరకు అనుమతించింది. హైదరాబాదు మందుల కంపెనీలలో మనవారు ఎందరో ఉన్నారు. ఈ తేడా వారి ఖర్చులకు సంబంధించిన మాట.

అయితే తొందరపడరాదు. ఇనుము చేసిందనుకున్న కొన్ని చర్యలను నిజానికి నడిపించింది అందులో లేశమాత్రంగా కలిసిన రాగి అని 2009లో తేలింది. మిట్టాష్‌కు మలినం వరమయింది, వీరికి అదే చిక్కయింది. ఫలితం వచ్చిందని సంబరపడక, ఎవరివల్ల వచ్చిందో అడగటమే శాస్త్రం.

ప్లాంట్లలో పనిచేసే మన సభ్యులకు ఒక మనవి. ఇంట్లో పిల్లలు ‘నాన్నా, ప్లాంటులో ఏం చేస్తారు?’ అని అడిగితే ‘డ్యూటీ’ అని ఊరుకోకండి. ఇలాంటి సంగతులు వారికి చెప్పండి. వీలైతే రాసి పంపండి, సంతోషంగా ప్రచురిస్తాము.