గడియారపు కాలము – మనస్సు కాలము

మాదన్నపేటలో బస్సుకై వేచియున్న బాలునకు పది నిమిషములు ఒక పూటగా తోచును. ఆటలో మునిగిననాడు పూటయంతయు పది నిమిషములవలె గడచిపోవును. గడియారపు కాలము వేఱు, మనస్సు అనుభవించు కాలము వేఱు. ఈ భేదమును ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ వివరించెను. ఆంగ్ల నవలలయందు అది ఎట్లు కనబడునో పరిశోధించి, ఆచార్య శివ్ కె. కుమార్ 1962లో ఒక గ్రంథము వెలువరించెను. వర్జీనియా వుల్ఫ్, జేమ్స్ జాయిస్ నవలలలో గడచిన దినములు గడచిపోవు. పాత్రల తలపులలో నేటితో కలిసి ప్రవహించుచుండును.

కుమార్ 1921లో లాహోరున జన్మించెను. కేంబ్రిడ్జిలో పరిశోధన ముగించి, ఉస్మానియాలోను, పిదప హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములోను ఆంగ్లసాహిత్యమును బోధించెను. 1947లో దేశవిభజన వలన ఆయన పుట్టినయూరు పాకిస్తానునకు చెందెను. ఆ విభజన దినములపై ఆయన నవల వెలువడినది 1998లో! గడియారము 51 ఏండ్లు నడచినను, మనస్సులో ఆ దినములు గడవలేదు కాబోలు. 2017లో ఆయన హైదరాబాదులోనే కన్నుమూసెను.