కాలనీ: ఒక మాట, మూడు అర్థాలు

సికిందరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ అనే చోటు ఉన్నది. అక్కడి పిల్లవాణ్ణి, "మీ స్నేహితుడి ఇల్లు ఎక్కడోయ్?" అని అడగండి. "మా కాలనీలోనేనండీ," అంటాడు. అది ఇంగ్లీషు మాట అని వాడికి తోచనే తోచదు. తెలుగులో అంత బాగా కలిసిపోయింది.

ఆ పిల్లవాడే బడికి వెళ్లి చరిత్ర పుస్తకం తెరుస్తాడు. "అమెరికాలో బ్రిటిషువారికి 13 కాలనీలు ఉండేవి" అని అందులో కనిపిస్తుంది. సైన్సు పుస్తకం తెరిస్తే "చీమల కాలనీ" అని ఉంటుంది. మరి బ్రిటిషువారు అమెరికాలో అద్దె ఇళ్లు కట్టించారా? చీమలు వీధులు వేసుకుని, ఇళ్లకు నంబర్లు రాసుకున్నాయా? ఒకే మాట ఇన్ని చోట్ల ఎలా ఇమిడిందో చూద్దాం, రండి.

చాలా కాలం క్రిందట రోము నగరంలో లాటిన్ భాష మాట్లాడేవారు. ఆ భాషలో "కోలెరె" అంటే భూమి దున్నటం, సాగుచేయటం. దున్నేవాడు "కొలోనుస్". అంటే రైతు అన్నమాట. రైతులు వెళ్లి స్థిరపడిన చోటు "కొలోనియా". ఇదే ఇంగ్లీషులో కాలనీ అయింది. వ్యవసాయానికి ఇంగ్లీషు మాట "అగ్రికల్చర్" కదా, అదీ, "కల్చర్" అనే మాటా ఈ ధాతువు నుంచి పుట్టినవే. కాలనీ అనే మాట నాగలి చాలులో మొలిచిందని గుర్తు పెట్టుకోండి.

రోమనులు యుద్ధాలలో గెలిచిన దేశాలలో, సైన్యం నుంచి విరమించిన తమ సిపాయిలకు భూములు ఇచ్చేవారు. ఆ ఊళ్లను కొలోనియాలు అనేవారు. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరం పేరు అలా వచ్చిందే. ఇంగ్లండులోని లింకన్ ఊరి పేరు చివర కూడా కొలోనియా దాగి ఉన్నది.

ఏ.ఎస్. రావు నగర్ పక్కనే సైనిక్‌పురి ఉన్నది. అదీ సైన్యంలో పనిచేసినవారి కోసం ఏర్పడిన కాలనీయే. అయితే రెంటికీ ఒక పెద్ద తేడా ఉన్నది. రోమను సిపాయికి దొరికింది జయించిన భూమి. అంటే అంతకు ముందు అది మరొకరిది. కాలనీ అనే మాటలో రెండవ అర్థం ఇక్కడే మొదలవుతుంది.

ఒక దేశంవారు మరొక దేశానికి వెళ్లి, అక్కడి భూమినీ, మనుషులనూ తమ అధికారం కిందికి తెచ్చుకుంటే దాన్ని కూడా కాలనీ అంటారు. తెలుగులో దీనికి "వలసరాజ్యం" అనే పేరు ఉన్నది. అమెరికాలోని 13 కాలనీలు 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. ఆ దేశపు జెండా మీది 13 చారలు వాటి గుర్తే. గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం 1954 వరకు ఫ్రెంచివారి కాలనీ. ఆఫ్రికాలోని నేటాల్ బ్రిటిషువారి కాలనీ. అక్కడి చెరుకు తోటలలో పనిచేయటానికి 1860లో మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారిలో మన తెలుగువారు ఉన్నారు. ఇల్లు వదిలి, సముద్రం దాటి, ఒప్పందానికి కట్టుబడినవారికి కాలనీ అనే మాట ఎంత బరువుగా వినిపించిందో ఊహించండి.

ఇక మూడవ అర్థం శాస్త్రజ్ఞులది. ఒకే జాతి జీవులు గుంపుగా ఒకచోట నివసిస్తే అది కాలనీ. చీమల పుట్ట, తేనెపట్టు ఇలాంటివే. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గుంపులుగా గూళ్లు కడతాయి. అది పక్షుల కాలనీ. గాజు పళ్లెంలో ఆహారం వేసి ఒక్క సూక్ష్మజీవిని పెంచితే, అది రెండై, నాలుగై, లక్షలై, చివరకు కంటికి చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్కను కూడా కాలనీ అనే అంటారు.

మళ్లీ మన ఏ.ఎస్. రావు నగర్‌కు వద్దాం. 1914లో పశ్చిమ గోదావరిలోని మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గొప్ప శాస్త్రజ్ఞుడు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఈ.సి.ఐ.ఎల్., ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టినవారు ఆయనే. ఆ సంస్థ ఉద్యోగుల కోసం వెలసిన కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఇక్కడ ఏలేవారూ లేరు, ఏలబడేవారూ లేరు. అందరూ ఇరుగుపొరుగువారే. నాగలితో పుట్టి, కత్తితో తిరిగిన మాట చివరకు ఇలా ఇంటికి చేరింది.

కాలనీకి దగ్గరి మాటలు ఇంగ్లీషులో కొన్ని ఉన్నాయి. కొత్త చోట కొద్దిమంది కుదురుకుంటే "సెటిల్‌మెంట్". అక్కడ పరాయి ప్రభుత్వం ఉండాలని లేదు. తేనెపట్టులోని కుటుంబమంతా "కాలనీ", కొత్త గూడు కోసం ఎగిరిపోయే గుంపు "స్వార్మ్". ఆవుల మందను మాత్రం కాలనీ అనకూడదు, "హెర్డ్" అనాలి. సైన్యంలోని "కర్నల్" స్పెల్లింగు కాలనీకి చుట్టంలా కనిపిస్తుంది గాని, చుట్టం కాదు. అది బారు తీరిన సైన్యాన్ని చెప్పే మాట నుంచి వచ్చింది.

తెలుగులోనో, ఇలాంటి మాటలకు కొదవే లేదు. పేట, వాడ, పురం, గూడెం ఉన్నాయి. పాలెం అంటే మొదట సైన్యం దిగిన విడిది. సికిందరాబాదులోని "ఆబాదు" పారశీక భాష మాట. జనం నివసించే చోటు అని దాని అర్థం. 1806లో సికందర్ జా నవాబు పేరు మీద బ్రిటిషు సైన్యపు విడిదికి పెట్టిన పేరిది.

కాలనీ అనే మాట ఎదురైతే ఏ అర్థమో తేల్చటానికి ఒక కిటుకు ఉన్నది. "అంతకు ముందు అక్కడ ఉన్నవారి మాట ఏమిటి?" అని ప్రశ్నించండి. వారి భూమీ, అధికారమూ వారికి దక్కకుండా పోతే అది వలసరాజ్యం.

ఇప్పుడు మీ వంతు. కింది మూడింటిలో కాలనీకి ఏ అర్థమో చెప్పండి:

1. మా మామయ్య రైల్వే కాలనీలో ఉంటాడు.
2. గోవా 1961 వరకు పోర్చుగీసువారి కాలనీ.
3. పగడపు దీవిలో కోట్ల జీవుల కాలనీలు ఉంటాయి.

చెప్పగలిగారా? అయితే మీ ఊరిలో పేట, వాడ, పాలెం, గూడెం అనే పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కొక్క పేరు ఎలా వచ్చిందో మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడిగి తెలుసుకోండి.